పాల సెంటరు పెద్దాయన పి.ఎస్.ఎ. చీటీని ఎలా చదివారు

ఈ కేసులో వైద్యపరంగా అరుదైనది ఏదీ లేదు. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌తో వచ్చి, మందుకు చక్కగా లొంగి, మధ్యలో చికిత్స మానేసి, మళ్ళీ నొప్పితో తిరిగివచ్చే రోగులు తిరుపతిలో యూరాలజీ ఓ.పి. చూసే ఎవరికైనా ఏటా కొందరు తగులుతూనే ఉంటారు. అలాంటివారి కేసు షీటులో మనం సాధారణంగా రాసే మాట ఒక్కటే, ‘చికిత్సకు సరిగా రాలేదు’ అని. ఈ రోగి విషయంలో నేనూ మొదట అదే రాశాను. తరువాత ఆయనను కూర్చోబెట్టి, తన జబ్బు గురించి ఏమనుకుంటున్నారో నోరు విప్పి చెప్పమన్నప్పుడు, మేము చెప్పిన మాటలన్నీ ఆయనకు గుర్తున్నాయనీ, వాటితో ఆయన కట్టుకున్న బొమ్మ మాత్రం మేము అనుకున్నది కాదనీ తెలిసింది. ఆ తేడా ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ రాసిన కేసు ఇది. రోగి, ఆయన కుటుంబం అనుమతి ఇచ్చారు. ఆయనను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

రోగి వయసు 69 ఏళ్ళు. చిత్తూరు దగ్గర ఒక పల్లె. కొంచెం మామిడి తోట, నాలుగు ఆవులు ఉన్నాయి. ఊరి పాల సెంటరులో చాలా ఏళ్ళు కార్యదర్శిగా పనిచేశారు. ఏడో తరగతి వరకు చదువు. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటారు, షుగరు లేదు. ఏడాదికి పైగా రాత్రిపూట నాలుగైదు సార్లు ఒంటికి లేవడం, ధార సన్నబడడం ఉన్నాయి. దగ్గరలోని డాక్టరు టామ్‌సులోసిన్ రాస్తే నెలలోపే ధార మెరుగుపడింది, అంతటితో ఆ సంగతి ముగిసిందనుకున్నారు. టామ్‌సులోసిన్ మూత్రాశయం మెడ దగ్గర, ప్రోస్టేట్‌లో ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది. గ్రంథి వయసుతో వాచినా, అందులో క్యాన్సర్ పుట్టినా ధార ఎంతో కొంత సులువవుతుంది. అందుకే మందుకు గుణం కనిపించినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. ఈ మాట రోగులకే కాదు, కొన్నిసార్లు మనకూ గుర్తుండదు.

నాలుగు నెలలుగా నడుము నొప్పి కూడా ఉంది. తోతాపురి కాయల క్రేటు ఎత్తేటప్పుడు పట్టిందని ఆయన అనుకున్నారు. మా వైపు ఎముక నొప్పి అంటే మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టే కాబట్టి అక్కడికి వెళ్ళారు. అక్కడివారు నడుము తడిమి చూసి, ఇది విరిగిన ఎముక వ్యవహారంగా లేదు, ఎక్స్‌రే తీయించుకొమ్మని పంపించారట. ఆయనను మా దాకా చేర్చినది ఆ మాటే.

వేలి పరీక్షలో ప్రోస్టేట్ రాయిలా గట్టిగా, గడ్డలు గడ్డలుగా తగిలింది. ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే ఒక ప్రోటీన్‌ను కొలిచే పి.ఎస్.ఎ. పరీక్షలో మిల్లీలీటరుకు 86 నానోగ్రాములు వచ్చింది. బయాప్సీలో తీసిన 12 ముక్కల్లో 9 చోట్ల క్యాన్సర్ ఉంది, గ్లీసన్ స్కోరు 4+4=8. బోన్ స్కాన్‌లో నడుములోని మూడో పూస, కుడి తుంటి ఎముక, రెండు పక్కటెముకల్లో జబ్బు నల్లటి మచ్చలుగా కనిపించింది.

ఆయన ఎంత చురుకైనవారో నాకు బయాప్సీ రోజునే తెలిసింది. సూది 12 చోట్ల ఎందుకు గుచ్చాలని కొడుకు అడుగుతుంటే, పెద్దాయనే జవాబు చెప్పారు. “క్యాను కలపకుండా పైపైన శాంపిల్ తీస్తే ఫ్యాట్ తప్పొస్తుంది గదరా. అట్లాంటిదే ఇది.” బయాప్సీ శాంపిలింగును ఇంత సూటిగా చెప్పిన హౌస్ సర్జన్లు నాకు తక్కువ మందే కనబడ్డారు. అయితే ఆ మాట విన్న సంతోషంలో నేను ఒక పొరపాటు చేశాను. ఈయనకు విషయం అందుతోంది గదా అనుకుని, ఆ తరువాతి విజిట్లలో నేను చెప్పేది చెప్పుకుంటూ పోయానే కాని, ఆయనకు ఏం అందిందో ఒక్కసారి కూడా అడగలేదు.

గ్లీసన్ స్కోరు దగ్గరే నాకు ఒక హెచ్చరిక అందింది. పదికి ఎనిమిదంటే మంచి మార్కులే గదా అని ఆయన నవ్వుతూ అన్నారు. నేను తమాషాకు అన్నారనుకున్నాను. ఈ స్కోరును 1960లలో డొనాల్డ్ గ్లీసన్ అనే అమెరికన్ పెథాలజిస్టు రూపొందించాడు. కణాల అమరిక ఎంత చెదిరితే అంత పెద్ద అంకె వస్తుంది. ఇప్పటి వాడుకలో బయాప్సీ రిపోర్టులో స్కోరు 6 నుంచే మొదలవుతుంది కాబట్టి, 8 అనేది పై మెట్లలోదే. 1 నుంచి 5 వరకు ఉండే గ్రేడ్ గ్రూపుల్లో చెప్పాలంటే ఆయనది 4వ గ్రూపు. ఇప్పుడు నేను రోగులకు ఈ గ్రూపు అంకెనే చెబుతున్నాను, మార్కులతో పొరబడే అవకాశం కొంత తగ్గుతుంది.

పేరు చెప్పడం

కొడుకు నన్ను ముందుగానే పక్కకు పిలిచి, “నాయనకు క్యాన్సర్ అని చెప్పొద్దండి సార్, గడ్డ అని చెప్పండి, ఆ మాట వింటే తట్టుకోలేడు” అన్నాడు. ఇది మాకు రోజూ ఎదురయ్యేదే. నేను అబద్ధం చెప్పనని, ఆయన అడిగినంత వరకే చెబుతానని ఒప్పుకున్నాను. మూడో విజిట్‌లో పెద్దాయనే తలుపు దగ్గరగా వేసి వచ్చి అడిగారు. చెప్పాను. ఆయన పెద్దగా చలించలేదు. “వాడు నాతో గొడవపడేది మానేసినాడు సామీ. అప్పుడే అనుకున్యా, ఏదో పెద్దదే అని.” ఆ వెంటనే అడిగిన ప్రశ్న మాత్రం నేను ఊహించనిది. “అయితే పుండు యాడుండాది?”

ఆయన చిన్నతనంలో చూసిన క్యాన్సర్ వాళ్ళ పెదనాన్న బుగ్గలో వచ్చినది. పొగాకు నమిలే మనిషి, లోపల పుట్టిన పుండు దవడను తొలిచి బయటికి వచ్చింది. రాచపుండు అనే పాత మాటలోనే పుండు ఉంది కాబట్టి, పుండు లేకుండా క్యాన్సర్ ఉంటుందనేది ఆయన లెక్కలో కుదరలేదు. నడుము పూసలో ఉన్నది ప్రోస్టేట్ నుంచి వెళ్ళిన కణాలే అని బోన్ స్కాన్ ఫిల్మ్ పెట్టి చూపించాను. ఆయన నల్లటి మచ్చలను వేలితో లెక్కపెట్టారు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. తెలుగులో రాసిన మా ఆసుపత్రి కరపత్రంలో ప్రోస్టేట్‌కు ‘పౌరుష గ్రంథి’ అని ఉంది. రోజువారీ మాటల్లో పౌరుషమంటే రోషం, మగతనం. ఆ కరపత్రం చదివిన రోగుల్లో కొందరు ఇది మగతనం తగ్గడం వల్ల వచ్చే జబ్బనుకుంటారు, కొందరు కోపం ఎక్కువైతే వస్తుందనుకుంటారు. ఆ మాటను ఆ తరువాత కొట్టివేయించాను. మూత్రం తిత్తి కింద, మూత్రనాళం చుట్టూ వక్కకాయంత ఉండే గ్రంథి, వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారు చేస్తుంది అని చెబితే చాలు.

కోడెదూడ, ఇంజెక్షన్

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు పెరగడానికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను కావాలి, దాన్ని అడ్డుకుంటే జబ్బు వెనక్కి తగ్గుతుంది. దీన్ని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించాడు, ఆ పనికి 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటి దారి వృషణాలను తీసివేయడం. ఇప్పటికీ అది చవకైన, నమ్మదగిన దారి, ఒక్కసారితో ముగిసిపోతుంది. రెండో దారి టెస్టోస్టిరాన్‌ను తగ్గించే ఇంజెక్షన్, మూడు నెలలకు ఒకసారి. రెండూ పెద్దాయనకు వివరించాను. హార్మోను అనే మాట అవసరమే రాలేదు. “కోడెదూడకు విత్తులు కొట్టినట్టేనా సామీ?” అన్నారు. అవునన్నాను. విత్తులు కొట్టాక కోడె మెడ, మూపురం, పొగరు ఎలా మారతాయో ఆయన నాకంటే బాగా చెప్పగలరు. అంత స్పష్టంగా తెలిసినందువల్లే ఆపరేషన్ వద్దన్నారు, ఇంజెక్షన్‌కు ఒప్పుకున్నారు. అది ఆయన నిర్ణయం, తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఆపరేషన్ చేయించుకున్న మనిషి తరువాత మానేయడానికి ఏమీ ఉండదు, ఇంజెక్షన్ తీసుకునే మనిషి ఎప్పుడైనా మానేయవచ్చు. ఆ తేడాను నేను అప్పుడు గట్టిగా చెప్పి ఉండవలసింది.

మొదటి ఇంజెక్షన్ తరువాత టెస్టోస్టిరాన్ తగ్గే ముందు కొద్ది రోజులు పెరుగుతుంది. పూసలో జబ్బు ఉన్నప్పుడు అది ప్రమాదం కాబట్టి ముందుగా టెస్టోస్టిరాన్ కణాల మీద పనిచేయకుండా అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్రలు మొదలుపెట్టి, తరువాత ఫిబ్రవరిలో ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ 22.5 మిల్లీగ్రాములు ఇచ్చాము. దానితోపాటు ఒంట్లో టెస్టోస్టిరాన్ తయారీని అడ్డుకునే అబిరటరోన్ మాత్రలు రోజుకు 1000 మిల్లీగ్రాములు పరగడుపున, దానికి తోడుగా వాడే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు. కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మలమూత్రాలు తెలియకుండా పోయినా తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే బయలుదేరి రమ్మని కొడుక్కి రెండుసార్లు చెప్పి రాయించాము.

పి.ఎస్.ఎ. అంటే ఏమిటో చెప్పడానికి నేను ఆయన వృత్తినే వాడుకున్నాను. పాలు పోసిన వెంటనే మిషన్‌లో ఫ్యాట్ చూసినట్టు, రక్తంలో ఈ నెంబరు చూస్తే జబ్బు ఎంత ఉందో తెలుస్తుందని చెప్పాను. ఆయన తల ఊపారు. పాల లెక్కలు రాసే పొడుగు పుస్తకంలో ఒక పేజీకి గీతలు కొట్టి తేదీ, నెంబరు రాసుకోవడం మొదలుపెట్టారు. మే నెలలో 4.6. ఆగస్టులో 0.4. నడుము నొప్పి పూర్తిగా పోయింది. ఆగస్టు విజిట్ రోజున మా దగ్గర ఇంజెక్షన్ స్టాకు లేక, వచ్చే వారం రమ్మన్నాము. ఆయన రాలేదు. ఫోన్ చేస్తే, బాగానే ఉంది, వస్తాములే అని ఇంట్లో ఎవరో చెప్పారు.

తిరిగి రావడం

సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో కొడుకు ఆయనను నడిపించుకుని తీసుకువచ్చాడు. పి.ఎస్.ఎ. 14.2, నడుము నొప్పి మునుపటి చోటే. ఎం.ఆర్.ఐ. తీస్తే వెన్నుపాము మీద ఒత్తిడి లేదు, అది అదృష్టం. ఇలాంటప్పుడు మందు పనిచేయడం మానేసింది, జబ్బు మొండికేసింది అనుకుని తరువాతి మందుకు వెళ్ళిపోవడం తేలిక. ముందుగా టెస్టోస్టిరాన్ చూడాలి. మందు పనిచేస్తున్నప్పుడు అది డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపే ఉండాలి. ఆయనకు 286 ఉంది. మే నెలలో చివరి ఇంజెక్షన్ తీసుకుని తొమ్మిది నెలలైంది, అబిరటరోన్ డబ్బా సెప్టెంబరులో అయిపోయాక కొనలేదు. అంటే జబ్బు మందుకు ఎదురు తిరగలేదు, దానికి మందే అందలేదు.

అప్పుడు అడిగాను, మానేయాలని ఎందుకు అనిపించిందని. ఆయన సంచిలోంచి ఆగస్టు నాటి ల్యాబ్ చీటీ తీసి నా బల్ల మీద పరిచారు. 0.4 అనే అంకె, దాని పక్కన గడిలో 0 నుంచి 4 వరకు సాధారణం అని అచ్చు. మేలో 4.6 వచ్చినప్పుడు అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉంది, ఆగస్టులో లేదు. ఆ తేడాను ఆయన బాల్‌పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నారు. “నక్షత్రం పోయింది గదా సామీ, నార్మల్ అని వాళ్ళే అచ్చేసినారు” అన్నారు. ఏళ్ళ తరబడి చీటీలో ఉన్న అంకెకే డబ్బు చెల్లించిన మనిషి. చీటీని కాదనడం ఆయనకు చేతకాదు. ఆ గడిలో ఉన్న 0–4 జబ్బు లేనివారి కోసం పెట్టిన కొలత అనీ, చికిత్సలో ఉన్న మనిషికి అది వర్తించదనీ ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

చీటీకి తోడు కారిడార్ సాక్ష్యం ఉంది. ఓ.పి. బయట బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్న ఒక రిటైర్డ్ టీచరుకు కూడా ప్రోస్టేట్ క్యాన్సరే, పి.ఎస్.ఎ. సున్నా పాయింటు సున్నా ఏదో వచ్చింది, ఇక ఏ మందూ అక్కర్లేదు, ఆరు నెలలకు ఒకసారి చూపించుకుంటే చాలన్నారట. ఆ టీచరు చెప్పింది నిజమే. ఆయన జబ్బు గ్రంథి దాటకముందే బయటపడి, గ్రంథి మొత్తాన్ని ఆపరేషన్‌లో తీసేశారు. ఇద్దరిదీ ఒకే జబ్బు పేరు, ఒకే పరీక్ష, ఇద్దరి చీటీలోనూ సున్నాతో మొదలయ్యే చిన్న అంకె. ఒకరికి అది జబ్బు మిగల్లేదనడానికి గుర్తు, ఇంకొకరికి అణిగి ఉందనడానికి గుర్తు. బెంచీ మీద ఈ తేడా చెప్పేవారెవరు? రోగులు మా దగ్గర ఉండేది పది నిమిషాలు, ఆ బెంచీ మీద మూడు గంటలు. ఎక్కడ ఎక్కువ నేర్చుకుంటారో వేరే చెప్పనక్కర్లేదు.

మూడోది వేడి. ఇంజెక్షన్ మొదలైనప్పటి నుంచి ఒళ్ళంతా ఆవిర్లు, తల మీద నుంచి చెమట, అర్ధరాత్రి పంచె తడిసేంత. టెస్టోస్టిరాన్ తగ్గితే ఆడవారికి ముట్లుడిగినప్పుడు వచ్చే ఆవిర్ల లాంటివే మగవారికీ వస్తాయి. మేము దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాము. అది ఎండాకాలం కావడంతో ఇంట్లో వారు ఇంజెక్షన్ వేడి చేసిందన్నారు. సబ్జా నీళ్ళు, రాగి అంబలి, తలకు ఆముదం, అన్నీ అయ్యాయి. ఆగస్టు దాటాక ఇంజెక్షన్ ప్రభావం తగ్గి ఆవిర్లు పోయాయి. వేడి దిగిందని అందరూ సంతోషించారు. నిజానికి అది టెస్టోస్టిరాన్ తిరిగి వస్తోందనడానికి మొదటి గుర్తు.

కొడుకు ఫోన్‌లో చూసిన వీడియోల సంగతి కూడా అడిగాను. పాలు మానేస్తే ఈ జబ్బు తగ్గుతుందని ఒకదానిలో విన్నారట. పాల సెంటరు మనిషికి అది ఎంత బాధగా ఉంటుందో ఊహించవచ్చు. పాలు బాగా ఎక్కువగా వాడేవారిలో ఈ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనబడిందని కొన్ని పరిశీలనలు ఉన్నాయి, కాని ఉన్న జబ్బు పాలు మానితే తగ్గుతుందన్న రుజువు లేదు. పైగా ఈ చికిత్సలో ఎముకలు పలచబడతాయి కాబట్టి కాల్షియం అందాలి. రోజూ గ్లాసు పాలు తాగమన్నాను.

చివరికి నా వంతు. ఫ్యాట్ మిషన్ పోలిక నాదే. ఆ పోలికలో ఒక లోపం ఉందని నాకు తట్టలేదు, ఎందుకంటే పాల సెంటరులో పనిచేసినది నేను కాదు. మిషన్‌లో వచ్చిన అంకె ఆ పూట పాలకు ఆఖరి మాట. లెక్క రాసి, క్యాను పంపించేస్తే ఆ పాల కథ ముగిసింది. ఆయన 0.4ను అలాగే రాసి పుస్తకం మూసేశారు.

కూలర్

ఈసారి భార్యను కూడా రమ్మన్నాను. మాత్రలు లెక్కపెట్టేది, పొద్దున పరగడుపున ఇచ్చేది ఆమే. నేను ఏమీ వివరించకుండా, ఇంజెక్షన్ లోపలికి వెళ్ళి ఏం చేస్తుందనుకుంటున్నారో మీ మాటల్లో చెప్పండి అన్నాను. జబ్బును చంపుతుందన్నారు పెద్దాయన. పూర్తిగానా అంటే, అంకె తగ్గింది గదా అన్నారు. చంపేది కొంతేననీ, చాలా వరకు పెరగకుండా ఆపి ఉంచుతుందనీ చెప్పాను. ఆయన కాసేపు పుస్తకం అట్ట మీద వేళ్ళు ఆడించి, “బల్క్ కూలర్ మాదిరా?” అన్నారు.

పాల సెంటరుకు చేరిన పాలను బల్క్ కూలర్‌లో 4 డిగ్రీలకు దించుతారు. అందులో సూక్ష్మజీవులు చావవు, పెరగడం దాదాపు ఆగిపోతుంది. కరెంటు పోయి జనరేటర్ ఆన్ చేయకపోతే కొన్ని గంటల్లో పాలు విరుగుతాయి. ఇది ఆయన నాకు చెప్పినది, నేను ఆయనకు చెప్పినది కాదు. ఆగస్టులో జరిగినది ఏమిటో ఇప్పుడు చెప్పండి అన్నాను. “స్విచ్చి ఆపేసినా” అన్నారు.

ఆమె అప్పటి దాకా మాట్లాడలేదు. “కరెంటు పోకుండా ఉన్నా పాలు నాలుగైదు దినాలు దాటి నిలవుండవు గదా సామీ?” అని అడిగింది. నా సర్వీసులో ఒక రోగి కుటుంబం అడిగిన ప్రశ్నల్లో ఇంతకంటే పదునైనది గుర్తులేదు. చల్లదనంలోనూ పెరిగే సూక్ష్మజీవులు ఉన్నట్టే, టెస్టోస్టిరాన్ లేకపోయినా పెరగడం నేర్చుకునే కణాలు ఈ జబ్బులో ఎప్పటికో ఒకప్పటికి తలెత్తుతాయి. కొందరికి ఏడాదిన్నరకే, కొందరికి చాలా ఏళ్ళకు. అప్పుడు డోసెటాక్సెల్ వంటి వేరే మందులు ఉన్నాయి. అది దాచకుండా చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, అయితే ఈ ఇంజెక్షన్ ఎప్పటిదాకా అంది. ఎప్పటికీ అన్నాను. ఆ మాట మొదటి ఫిబ్రవరిలోనే చెప్పానని నా కేసు షీటులో ఉంది. వారిద్దరూ అది తొలిసారి వింటున్నామన్నారు. నేను వాళ్ళనే నమ్ముతున్నాను.

బైకాలుటమైడ్ ముందుగా ఇచ్చి మళ్ళీ ఇంజెక్షన్, అబిరటరోన్ మొదలుపెట్టాము. మూడు నెలలకు పి.ఎస్.ఎ. 1.1, ఆరు నెలలకు 0.5, ఏడాది దాటాక 0.3. టెస్టోస్టిరాన్ 20 లోపు. నొప్పి తగ్గింది, ఆవిర్లు తిరిగి వచ్చాయి. ఈసారి ఆయన వాటిని కూలర్ మోటారు చప్పుడు అంటున్నారు. తండ్రికి వచ్చింది కాబట్టి తనకు వచ్చే అవకాశం సుమారు రెండింతలని కొడుక్కి చెప్పి, 45 ఏళ్ళ నుంచి పి.ఎస్.ఎ. చూపించుకోమన్నాను.

మా ఓ.పి.లో మారినవి చిన్నవే. హార్మోను చికిత్సలో ఉన్నవారి ల్యాబ్ చీటీ మీద ఆ 0–4 గడిని పెన్నుతో కొట్టేసి, ‘ఇది మందు వల్ల తగ్గిన అంకె, మందు ఆపకూడదు’ అని తెలుగులో రాసి ఇస్తున్నాము. ఇంజెక్షన్ స్టాకు లేకపోతే రోగిని పంపించే ముందు తేదీ రాసి, ఆ తేదీకి మేమే ఫోన్ చేస్తున్నాము. ఇక నేను పోలికలు చెప్పడం తగ్గించాను. ఇంటికి వెళ్ళాక ఇంట్లో అడిగితే ఏమని చెబుతారు అని అడిగి, వారి నోటి నుంచి వచ్చే పోలిక కోసం ఆగుతున్నాను. ఒక ఆర్.టి.సి. డ్రైవరు హ్యాండ్ బ్రేక్ అన్నాడు, బోరు మెకానిక్ ఒకాయన గేట్ వాల్వ్ అన్నాడు. వాల్వ్ అన్నాయనకు మాత్రం ఇంకా అనుమానాలున్నాయి. ఒకసారి గట్టిగా బిగిస్తే అది అలాగే ఉండిపోతుందనుకుంటున్నాడు, వచ్చే విజిట్‌లో మళ్ళీ మాట్లాడాలి.

పెద్దాయన గత నెల వచ్చినప్పుడు పుస్తకం తెరిచి చూపించారు. తేదీ, నెంబరు గళ్ళ పక్కన మూడో గడి గీశారు, ఇంజెక్షన్ పడిన ప్రతి తేదీ ఎదురుగా టిక్కు ఉంది. నాలుగో గడి ఖాళీగా ఉంది. ఆ రోజు నేను రాసిన పరీక్షల చీటీలో పి.ఎస్.ఎ. ఒక్కటే ఉండడం చూసి వెనక్కి ఇచ్చారు. “ఆ టెస్టోస్టిరాన్ కూడా రాయండి సామీ. టెంపరేచరు చూడకుండా పాలు బాగుండాయని యెట్ట చెప్తాం?”